డొల్ల తలుపుకి ఇత్తడి పిడి

నేను ఒక డొల్ల తలుపుని పట్టుకుని బతుకుతున్న ఇత్తడి పిడిని. మీరు హ్యాండిల్ అంటారు. ఏమైనా అనుకోండి, పట్టుకుని లాగేముందు మాత్రం నా వెనకాల ఏముందో ఒకసారి చూసుకోండి. చూడరు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. మనిషి మెరుపు చూస్తాడు, చెయ్యి వేస్తాడు, లాగుతాడు. వెనక ఉన్నది చెక్కా, అట్టా, ఉత్త గాలా అని అడగడు. ఊడి చేతికొచ్చాక మాత్రం "పిడి మంచిది కాదు" అనేసి చేతులు దులుపుకుంటాడు.

నాకు ఎప్పుడూ చెడే ముందు తోస్తుంది. ఎవరైనా నవ్వుతూ వచ్చి నా మీద చెయ్యి వేస్తే ఇవాళ్టితో సరి అనుకుంటాను. తలుపు విసురుగా వేస్తే అంతా ఊడి ఎవరి కాలిమీదో పడినట్టే కనిపిస్తుంది. నన్ను పిరికిదానికింద జమకట్టకండి. బరువు మోసేవాళ్ళకి భయం ఉంటుంది. భయం లేనివాళ్ళు ఎవరయ్యా అంటే, మోయించుకునేవాళ్ళు.

ఉత్తరాదిన ఎక్కడో ఒక కొలిమిలో పుట్టాను. ఇసుక అచ్చులో కాగిన ఇత్తడి పోసి, చల్లారాక రాకి, రుద్ది, కింద ఒక వెడల్పాటి బిళ్ళ వేసి, దానికి మరమేకులు పట్టే రంధ్రాలు చేశారు. బరువు ఎంత ఎక్కువైతే అంత గొప్ప అనుకునే రోజులవి. అందుకని నన్ను చంటిపిల్లంత బరువు చేశారు. ఈ బరువు ఎవరు మోస్తారని ఎవరికీ అనుమానం రాలేదు.

మొదట నన్ను కాకినాడలో ఒక సినిమాహాలు బాల్కనీ తలుపుకి బిగించారు. ఆ హాలు ఇప్పుడు లేదు కాబట్టి పేరుతో పనిలేదు. తలుపు మాత్రం టేకుది. అరచెయ్యంత మందం. నా మరమేకులు ఆ చెక్కలోకి దిగిన రోజున నాకు మొట్టమొదటిసారి ఊపిరి ఆడింది. అక్కడ ఎంతమంది లాగారని! టిక్కెట్టు చేతిలో ఉన్నా సీటు పోతుందని పరిగెత్తుకొచ్చి లాగేవాళ్ళు. తలకి రాసుకున్న ఆముదం నాకు తుడిచేవాళ్ళు. లోపల ఏడ్చి, బయటికొస్తూ చెమట తుడుచుకున్నట్టు నటించే పెద్దమనుషులు. అందరూ "అబ్బ, ఎంత గట్టి పిడి" అనేవాళ్ళు. గట్టిది నేను కాదు, నా వెనకున్న టేకు. ఆ సంగతి నేనెప్పుడూ మరిచిపోలేదు. మనుషులకైతే తమ వెనక ఎవరున్నారో వారం రోజులు కూడా గుర్తుండదు.

హాలు మూసేశారు, పడగొట్టారు. పాత సామాన్ల కొట్లో కిటికీ చువ్వల మధ్య, తుప్పు పట్టిన కుళాయిల మధ్య చాలాకాలం పడున్నాను. అక్కడ నాకు సుఖంగానే ఉంది. కింద పడే భయం లేదు, అప్పటికే కింద పడి ఉన్నాను కదా. సరిగ్గా అప్పుడు దుర్గేశ్వరరావు వచ్చాడు.

ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. నన్ను చూడగానే కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇది మా బాల్కనీ పిడి! చిన్నప్పుడు ప్రతి ఆదివారం దీన్ని పట్టుకునే లోపలికి వెళ్ళేవాణ్ణి" అన్నాడు కొట్టువాడితో. బాల్కనీ తలుపు తీసిన చేతులన్నీ నాకు గుర్తే. ఈ చెయ్యి వాటిలో లేదు. పాపం, నేలక్లాసులో కూచుని వెనక్కి తిరిగి నన్ను చూసి ఉంటాడు. పోనీలెండి, అది తప్పు కాదు. కానీ అక్కణ్ణుంచి చూసినవాడికి నా మెరుపు తెలుస్తుంది గానీ తలుపు మందం ఏం తెలుస్తుంది?

అపార్ట్‌మెంటులో కొత్త ఫ్లాటు ఆయనది. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆయన భార్య భూలక్ష్మి నన్ను చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఇదెందుకండీ? కాలి మీద పడితే వేలు ఊడుద్ది."

"పడదే. వందేళ్ళ పిడి ఇది."

"వందేళ్ళు పడలేదు కాబట్టి ఇప్పుడు పడుద్దేమోనని నా భయం."

నాకు ఆ క్షణంలోనే ఆమె మీద గౌరవం కలిగింది. ఆ ఇంట్లో బుర్ర ఉన్నది ఆమె ఒక్కతేనని తెలిసిపోయింది. అయితే ఏం, ఆ బుర్రనిండా భయమే. భయపడేవాళ్ళ మాట ఇళ్ళల్లో ఎవరు వింటారు?

వీధి తలుపుకి బిల్డరు ఇచ్చిన పిడి ఉంది. పడకగదిని ఆనుకున్న బాత్‌రూం తలుపుకి లోపలివైపు పిడి లేదు. "అక్కడ పెట్టేద్దాం" అన్నాడు దుర్గేశ్వరరావు. బాల్కనీనుంచి బాత్‌రూంకి! సరే, నా గౌరవం సంగతి నేను చూసుకుంటాను. నూకరాజు అనే వడ్రంగి వచ్చి వేలితో తలుపుని కొట్టాడు. డబడబమని చప్పుడు వచ్చింది. నా లోపల ఇత్తడి చల్లబడిపోయింది.

అది తలుపు కాదండీ. రెండు పక్కలా అప్పడమంత పలచటి చెక్క రేకు, నడుమ తేనెపట్టులా అల్లిన అట్ట, మిగతాదంతా గాలి. పైన మాత్రం టేకు గీతల కాగితం అతికించి, నిగనిగలాడేట్టు చేశారు. పెద్ద పెద్ద ఇళ్ళల్లో కూడా లోపలి తలుపులు ఇలాంటివే వేసుకుని, వచ్చినవాళ్ళకి ఇటాలియన్ మార్బుల్ చూపిస్తారట. ఇల్లు కట్టుకునేటప్పుడు కాలికింది రాయి దగ్గర ఉన్న శ్రద్ధ, చేత్తో పట్టుకునే తలుపు దగ్గర ఉండదు మీకు.

"ఎక్కడెట్టమంటారండి?" అన్నాడు నూకరాజు.

"సరిగ్గా నడిమధ్యన పెట్టు. కనపడాలి."

"ఎక్కడైనా ఒకటేలెండి. పట్టుద్ది."

మరమేకుకి మర ఎందుకు పెట్టారు? తిప్పడానికి. ఒక్కొక్క చుట్టూ చెక్కని పట్టుకుంటూ లోపలికి దిగాలి. నూకరాజు సుత్తి తీశాడు. ఈ దేశంలో మరమేకుని సుత్తితో కొట్టే ఇంత పెద్ద ఆచారం ఎవరు మొదలుపెట్టారో గానీ, వాడు ఎదురైతే నా బరువంతా వాడి కాలిమీద వేస్తాను. ఠపీ ఠపీమని కొట్టి, ఆఖర్న మర్యాదకోసం స్క్రూడ్రైవరు పెట్టి ఒక తిప్పు తిప్పాడు. నా మరమేకులు రేకు చీల్చుకుని లోపలికి వెళ్ళాయి. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. చీకట్లో గోడ ఉందనుకుని చెయ్యి చాపి, తగలక తూలినట్టయింది నాకు.

"చూడండి, రాయిలా ఉంది" అన్నాడు నూకరాజు. ఉండదూ మరి, అప్పటికింకా ఎవరూ లాగలేదుగా.

ఆ తర్వాత కొన్నాళ్ళు దుర్గేశ్వరరావు ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ చెయ్యి పట్టుకుని బాత్‌రూంలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, నన్ను చూపించేవాడు. ఆఫీసువాళ్ళు, పక్కింటివాళ్ళు, చీటీ పాడేవాళ్ళు, అందరూ ఆ ఇరుకు గదిలో బకెట్ల మధ్య నిలబడి నన్ను మెచ్చుకున్నారు. భూలక్ష్మి బయట నిలబడి, "జారతారండీ, తడి ఉంది" అని కేకలేస్తూ ఉండేది. అంతవరకూ నా మీద ఎవరి ప్రాణమూ ఆధారపడలేదు కాబట్టి నేనూ ఆ నాటకాన్ని భరించాను.

అప్పుడు హిమజ వచ్చింది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. పురిటికి పుట్టింటికి తీసుకొచ్చారు. పోయినసారి నాలుగో నెలలోనే కడుపు పోయిందట. ఎవరూ ఆ మాట గట్టిగా అనరు. కానీ భూలక్ష్మి కూతుర్ని చూసే చూపులో ఆ మాటే ఉంటుంది. నేల తుడిస్తే మళ్ళీ పొడిగుడ్డతో తుడుస్తుంది. చెప్పులు అడ్డంగా ఉంటే అరుస్తుంది. ఫ్యాను కింద పడుకోబెట్టదు, ఊడిపడుతుందేమోనని.

ఇక ఆ బాత్‌రూం కట్టిన తీరు చెప్పాలి. నేల పల్లంగా ఉంటుంది. నీళ్ళు పడకగదిలోకి రాకుండా గుమ్మంలో ఎత్తుగా గట్టు పోశారు. తలుపు పడకగదిలోకి తెరుచుకుంటుంది. తడికాళ్ళతో బయటికి రావాలంటే తలుపు తోసి, దాని లోపలివైపున్న నన్ను పట్టుకుని, ఒంటిని పైకి లాగుకుంటూ ఆ గట్టు దాటాలి. మామూలువాళ్ళు ఒక్క అంగలో దాటేస్తారు. నిండు చూలాలికి అది కొండ. హిమజ మొదటిరోజే నన్ను రెండు చేతులా పట్టుకుని, ఉస్సురని, తన బరువూ లోపలి బిడ్డ బరువూ నా మీద వేసి పైకి లేచింది. నా వెనకాల అట్ట కరకరమంది.

భగవంతుడా అనుకున్నాను. నా మాట ఎవరికి వినిపిస్తుంది?

భూలక్ష్మికి వినిపించింది. నా మాట కాదు, అట్ట చప్పుడు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే కూతురు లేవకముందు వచ్చి నన్ను గట్టిగా లాగి చూసేది. ఊడతానేమోనని పరీక్ష. ఆమె లాగిన ప్రతిసారీ నా మరమేకుల చుట్టూ కన్నం కాస్త పెద్దదయ్యేది. నన్ను ఊడదీసేది ఆమె ప్రేమే అని చెప్పే దారి లేదు నాకు. ఒకరోజు హిమజ చూసింది.

"అమ్మా, నువ్వు రోజూ లాగి చూస్తున్నావు కాబట్టే అది వదులవుతోంది."

"నేను లాగితే ఊడిందనుకో, నేను పడతాను. నువ్వు పడకూడదు."

"నువ్వు పడితే నీకు సేవ చెయ్యడానికి నేను వంగలేనే తల్లీ."

"నోరు ముయ్. వంగే మాటే ఎత్తకు."

పది మందికీ చూపించి నన్ను మెచ్చుకున్న దుర్గేశ్వరరావుకి ఇప్పుడు నేను కదులుతున్నానంటే నమ్మకం కుదరలేదు. "బాల్కనీ పిడే అది, కదలడమేంటి?" అన్నాడు. తర్వాత తనే లాగి చూసి, మాట్లాడకుండా నూకరాజుకి ఫోన్ చెయ్యబోయాడు. సరిగ్గా అప్పుడే సామర్లకోటనుంచి వాళ్ళక్క వరహాలమ్మ దిగింది. మేనకోడలి పురుడు అయ్యేదాకా ఉంటానని, డబ్బాలో సున్నుండలు, సంచినిండా శాస్త్రాలు తెచ్చుకుంది.

"ఎవరికిరా ఫోను?" అంది.

"వడ్రంగికి అక్కా. ఈ పిడి బిగించాలి."

"నీకేమన్నా మతి పోయిందా తమ్ముడూ? కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో చెక్కకి కన్నం పెడతావా? గోడకి మేకు కొట్టకూడదు, గుమ్మం తవ్వకూడదు, తలుపుకి తూటు పొడవకూడదు. ఇక్కడ నువ్వు కన్నం పెడితే లోపల బిడ్డకి ఎక్కడ పడుద్దో ఎవడికి తెలుసు? మా వీధిలో ఒకావిడ నిండు నెలల్లో దోమతెరకి మేకు కొట్టించింది. పిల్లాడికి పెదవి చీలి పుట్టింది. నేను కళ్ళారా చూశాను."

భూలక్ష్మి మొహం పాలిపోయింది. ఒక భయం ఉన్న మనిషిని దారిలో పెట్టొచ్చు. సమానమైన రెండు భయాలు అటూ ఇటూ లాగితే మనిషి నా తలుపులాగే అవుతుంది. పైన నిలబడే ఉంటుంది, లోపల పట్టు ఉండదు. పిడి ఊడితే బిడ్డ పోతుంది. కన్నం పెడితే బిడ్డకి లోపం వస్తుంది. ఆమె రెండూ నమ్మింది. ఎందుకంటే రెండూ చెడ్డవే.

"అయితే కన్నం పెట్టకుండా ఏదన్నా చేద్దాం" అన్నాడు దుర్గేశ్వరరావు.

చేశాడు. మొదట నన్ను విప్పి, పెద్దదైన కన్నాల్లో అగ్గిపుల్లలు దూర్చాడు. టేకు తలుపుకైతే అది వైద్యమే. డొల్ల తలుపుకి? దూర్చిన పుల్ల దూర్చినట్టే లోపలికి పోయి అడుగున పడింది. మరోటి దూర్చాడు. అదీ పోయింది. తలుపు మింగుతుంటే ఈయన తినిపిస్తూ కూచున్నాడు. పెట్టెడు పుల్లలు అయిపోయాక, "లోపల నిండి గట్టిపడుద్దిలే" అన్నాడు. తలుపు తీసినప్పుడల్లా గలగలమని చిడతల చప్పుడు రావడం మొదలుపెట్టింది. ఆ తర్వాత రంపపు పొట్టులో జిగురు కలిపి ముద్దలు కూరాడు. అవీ జారిపోయాయి. ఆ తర్వాత మరీ పొడవైన మరమేకులు తెచ్చాడు. "పాత కన్నంలోనే తిప్పితే దోషం లేదు" అని అక్క అనుమతి ఇచ్చింది. శాస్త్రాల్లో సందులు వాటిని మోసేవాళ్ళకే తెలుస్తాయి. ఆ మేకులు తలుపు ఈ పక్కనుంచి దూరి ఆ పక్కకి మొన తేలి, అటుగా వెళ్తున్న వరహాలమ్మ ఉప్పాడ చీర కొంగుని చర్రున చీల్చాయి.

"అదిగో! చెప్పానా, ఇంటికి అరిష్టం మొదలైంది!" అంది ఆవిడ.

"అరిష్టం కాదక్కా, రెండంగుళాల మేకు" అన్నాడు తమ్ముడు, అవమానంతో తల దించుకుని. తీసేసి మళ్ళీ పాత మేకులే పెట్టాడు.

"పోనీ పిడే తీసి పారేద్దామండీ" అంది భూలక్ష్మి. ఆయన వినలేదు. పిల్లకి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలన్నాడు. ఏదో ఒకటి! మనిషి నోటంట వచ్చే మాటల్లో నాకు అన్నిటికన్నా అసహ్యమైన మాట అది. ఉందనుకుని పట్టుకుంటే లేకుండా పోయేదానికంటే, మొదట్నుంచీ లేకపోవడం నయం కదా? గోడ పట్టుకునేది, అమ్మని పిలిచేది. భూలక్ష్మి కూడా అదే చెప్పింది, "నన్ను పిలు, చెయ్యి ఇస్తాను" అని. హిమజకి చిరాకొచ్చింది. "బాత్‌రూంకి కూడా నువ్వు రావాలా అమ్మా? నాకేమన్నా రెండేళ్ళా?"

అందుకని భూలక్ష్మి ఒక ఉపాయం చేసింది. కూతురు లోపల ఉన్నంతసేపూ బయట తలుపు పక్కన నిలబడి బట్టలు మడతపెట్టేది. మడతపెట్టినవే మళ్ళీ విప్పి మడతపెట్టేది.

ఆ రోజు మధ్యాహ్నం హిమజ స్నానం చేసి తలుపు తోసింది. అగ్గిపుల్లలు గలగలమన్నాయి. నన్ను పట్టుకుంది. చెయ్యి తడిగా, వెచ్చగా ఉంది. గట్టు మీద కాలు వేసి, ఒంటిని పైకి లాగుకుంది. నేను ఉన్న బలమంతా పెట్టి పట్టుకున్నాను. దేన్ని పట్టుకోను? పై మేకులు రెండూ పటుక్కున ఊడొచ్చాయి. నేను తలకిందులుగా వేలాడాను. ఆమె వెనక్కి, పల్లంలోకి ఒరిగింది. భూలక్ష్మి చేతిలో బట్టలు ఎక్కడ పడ్డాయో తెలియదు. కూతురి జబ్బ దొరకబుచ్చుకుంది. ఇద్దరూ జారారు. పల్లంలో వెల్లకిలా పడాల్సిన పిల్ల గట్టు మీద దబ్బున చతికిలబడింది.

హిమజ కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "అమ్మా, కదలడం లేదు" అంది.

నేను ఒంటి మేకు మీద వేలాడుతూ ఆ ఖాళీ ఇంట్లో మిగిలిపోయాను. ఆస్పత్రికి పరిగెత్తారు. నాకు తోచినవన్నీ ఇక్కడ రాయను. తల్లులకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్పినా తెలియదు. సాయంత్రానికి తిరిగొచ్చారు. బిడ్డ నిద్రపోతోందట, అంతే. స్కానింగులో గుండె చక్కగా కొట్టుకుంటోందట. హిమజ వరసగా సున్నుండలు తింటూ కూచుంది. నేను బతికాను.

వరహాలమ్మ దేవుడికి దండం పెట్టి, "ఇంట్లో కన్నం పెట్టనివ్వలేదు కాబట్టి దక్కింది బిడ్డ" అంది.

అది విని భూలక్ష్మి వదినగారి వంక చూసిన చూపు నేను చూశాను. కోపం కాదు అది. ఏదో లెక్క తేలిపోయిన మనిషి చూపు. లేచి నా దగ్గరికొచ్చింది. నన్ను లాగలేదు. తలుపుని వేలి కణుపుతో కొట్టింది, సంతలో కుండ కొనేముందు కొట్టినట్టు. నడుమ డబడబ. కొంచెం జరిగి, డబడబ. చివరికొచ్చేసరికి టకటక. మళ్ళీ కొట్టింది. టకటక. రెండో చివర కూడా టకటకే. అందాకా అంతమంది ఆ తలుపు ముందు నిలబడి మాట్లాడారు గానీ దాన్ని కొస నుంచి కొస దాకా తట్టి చూసిన పాపాన ఎవరూ పోలేదు.

"ఏవండీ, ఈ అంచునా ఆ అంచునా గట్టి చెక్క ఉంది. నడుమే డొల్ల. దండెం ఎలా కడతాం? అటొక మేకుకీ ఇటొక మేకుకీ కట్టి నడుమ బట్టలు వెయ్యమూ? అలాగే ఈ అంచునుంచి ఆ అంచుకి ఒక పలక అడ్డంగా బిగించి, దాని మీద పిడి పెట్టాలి. అవతల పక్క కూడా ఒక పలక పెట్టి, ఇటునుంచి అటు బోల్టులు దూర్చి నట్లు బిగించాలి. అప్పుడు మేకు చెక్కని పట్టుకునే పనే లేదు, రెండు పలకలూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి."

"అంటే కన్నం..." అన్నాడు దుర్గేశ్వరరావు, అక్క వంక చూస్తూ.

"అవును. కన్నమే."

మర్నాడు నూకరాజు వచ్చాడు. మూలన పడున్న కుట్టుమిషను బల్ల చెక్కని పలకలుగా కోశాడు, అదీ కింద సెల్లారులో. పైకొచ్చి, గదిలో మంచం మీద కూచున్న హిమజని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మగోరూ, తప్పుగా అనుకోకండి. నాకూ పిల్లలున్నారండి. కడుపుతో ఉన్నోళ్ళ ఇంట్లో నేను కన్నం పెట్టనండి. కన్నం మీరు పెట్టుకోండి, బిగింపు నేను బిగిస్తాను."

"నువ్వు పెట్టు నాన్నా" అంది హిమజ తండ్రితో, నవ్వాపుకుంటూ. దుర్గేశ్వరరావుకి ఉన్నట్టుండి ఇంట్లో పాలు లేవని గుర్తొచ్చింది. గిన్నె తీసుకుని కిందికి వెళ్ళిపోయాడు. పాలు ప్యాకెట్లలో వస్తాయన్న సంగతి కూడా మరిచిపోయినట్టున్నాడు.

నాకు నవ్వొచ్చింది. అందరికీ గట్టి పిడి కావాలి, కన్నం మాత్రం ఎవరికీ వద్దు. మోసే పనిలో పాలు పంచుకుంటారు, నింద దగ్గరికొచ్చేసరికి ఎవడి ఇంటికి వాడు.

భూలక్ష్మి చేత్తో తిప్పి కన్నం పెట్టే బరమా అందుకుంది. వరహాలమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది.

"భూలక్ష్మీ, ఆలోచించుకో. రేపు ఏదన్నా అయితే ఈ కన్నం నీదే."

"నాదే వదినగారూ. నిన్న పిల్ల పడిపోతే అది ఎవరిదని అడిగాను నాలో నేను. ఒక్కరూ నాది అనలేదు. ఆయన పిడి మంచిదే అన్నారు, నూకరాజు బిగించింది బాగానే అన్నాడు, మీరు శాస్త్రం మంచిదే అన్నారు. ఇది నాదని చెప్పడానికైనా ఒకళ్ళుండాలి కదా. తప్పుకోండి."

"అమ్మా, నేను కళ్ళు మూసుకోనా?" అంది హిమజ.

"మూసుకో. చెవులు కూడా."

బరమా తిరిగింది. చప్పుడేమంత లేదు. తల్లి పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుచుకుందో నాకు వినపడలేదు. కన్నం అవతలికి తేలగానే వెలుతురు సన్నగా పడింది. ఆమె గోడకి ఆనుకుని కాసేపు కూచుండిపోయింది. తర్వాత నూకరాజు వచ్చి పలకల చివర్లని గట్టి అంచులకి బిగించాడు, ఈసారి సుత్తి లేకుండా, ఆమె నెత్తిన నిలబడి చూస్తుంటే చుట్టుకి చుట్టు తిప్పుతూ. బోల్టులు ఇటునుంచి అటు వెళ్ళాయి. అవతల నట్టు బిగుస్తుంటే ఎన్నో ఏళ్ళ తర్వాత నా వెనక ఏదో ఉన్నట్టు తెలిసింది.

నేను గట్టిపడ్డాను గానీ ఆమె గట్టిపడలేదు. "బిడ్డ కదిలిందా?" అని కూరలు తరుగుతూ ఒకసారి, పొయ్యి దించుతూ ఒకసారి అడిగేది. కూతురు నన్ను పట్టుకుని సునాయాసంగా గట్టు ఎక్కి వచ్చేది. తల్లి మాత్రం నా పక్కనున్న బోల్టు తల వంక చూసి చూపు తిప్పుకునేది. లోకంలో ఏ మొర్రి పిల్లని తలుచుకుందో, ఏ తూటు పడ్డ గుండెని తలుచుకుందో. నేనే ఆమె మెడకి వేలాడుతున్నట్టు ఉండేది నాకు.

నొప్పులొచ్చాయి. అందరూ వెళ్ళిపోయారు. ఇల్లు బోసిపోయింది. బాత్‌రూం తలుపు తెరిచే వదిలేశారు. నేను మంచం వంక చూస్తూ, జరగకూడనివన్నీ ఒక్కొక్కటే ఊహించుకుంటూ గడిపాను.

ఆడపిల్ల. ఆపరేషను చేసి తీశారు. తీసుకొచ్చి ఆ మంచం మీదే, నా ఎదురుగానే పడుకోబెట్టారు. వరహాలమ్మ అప్పుడే తలస్నానం చేసి, తడిజుట్టు పైకి ముడేసుకుని వచ్చింది. "ఏదీ, చూడనీ" అని పొత్తిగుడ్డ విప్పింది. వేళ్ళు చూసింది. పెదవి పైకెత్తి అంగిలి చూసింది. తిప్పి వీపు చూసింది. భూలక్ష్మి మంచం కోడు పట్టుకుని నిలబడింది. వరహాలమ్మ బిడ్డ తల ఒక పక్కకి తిప్పి, ఆగిపోయింది.

"అదిగో. చూసుకో. బోల్టు కన్నం!"

చెవి ముందర, బుగ్గ మొదలయ్యేచోట, గుండుసూది మొనతో గుచ్చినట్టు చిన్న గుంట. నిజంగానే ఉంది.

హిమజ లేవబోయి నొప్పికి మళ్ళీ పడుకుంది. దుర్గేశ్వరరావు పాలగిన్నె కోసం వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూశాడు. భూలక్ష్మి మంచం కోడు వదిలేసింది. బిడ్డ మీదికి వంగింది. కళ్ళనిండా నీళ్ళు, సరిగా కనపడక కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూసింది. ఆ వంగడంలో ఆమె మొహం, పక్కనే వంగి ఉన్న వదినగారి మొహానికి జానెడు దూరంలోకి వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

"వదినగారూ, అలాగే ఉండండి. కదలకండి."

"ఏమే?"

"జుట్టు దించకండి." భూలక్ష్మి వేలితో ఆవిడ చెవి ముందర తాకింది. గుండుసూది మొనతో గుచ్చినట్టు, చిన్న గుంట. అదే పక్క. అదే చోట. ఇన్నేళ్ళూ చెంపల మీదికి దువ్వుకున్న జుట్టు కింద ఉండిపోయింది.

"మీ అమ్మగారు మీరు కడుపులో ఉండగా ఏ తలుపుకి బోల్టు వేయించారు వదినగారూ?"

దుర్గేశ్వరరావు చెయ్యి తనంతట తానే చెవి దగ్గరికి వెళ్ళింది. తడుముకుంది. ఆగింది.

"నాన్నా, నీకు కూడానా?" అంది హిమజ. ఇక నవ్వు ఆగలేదు ఆమెకి. "అమ్మా, నన్ను నవ్వించకండి, కుట్లు... అబ్బా... కుట్లు..."

భూలక్ష్మి నవ్వలేదు. బిడ్డని తీసి గుండెకి హత్తుకుని గోడవైపు తిరిగింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

వరహాలమ్మ జుట్టు ముడి విప్పి చెంపల మీదికి లాక్కుని, కాళ్ళు కడుక్కుంటానని బాత్‌రూంలోకి వచ్చింది. మనుషులు ఓడిపోయాక కడుక్కునేంత శుభ్రంగా గెలిచాక కడుక్కోరు. చాలాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది. తర్వాత తడికాళ్ళతో గట్టు దగ్గరికొచ్చి నా మీద చెయ్యి వేసింది. హిమజకంటే, హిమజా బిడ్డా కలిసినదానికంటే ఎక్కువ బరువు. అంతా నా మీదే వేసింది. నేను ఇసుమంత కదల్లేదు. పైకి ఎక్కాక కూడా వదల్లేదు. ఒకసారి లాగింది. ఇంకోసారి గట్టిగా లాగింది. నా వెనక పలకని తట్టి చూసింది.

"భూలక్ష్మీ" అంది, గొంతు తగ్గించి. "మా ఇంట్లో కూడా బాత్‌రూంకి ఈ డొల్ల తలుపే. మొన్నామధ్య నేనూ జారాను. ఎవరికీ చెప్పలేదు. ఆ నూకరాజుని ఒకసారి సామర్లకోట పంపించకూడదూ?"

భూలక్ష్మి బిడ్డని భుజం మార్చుకుంది.

"పంపిస్తాను వదినగారూ. అతను బిగిస్తాడు. కన్నం మాత్రం మీరే పెట్టుకోవాలి."